ఏడ్వనివ్వండి



మన ఝరాసంగం చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో చావు జరిగినా ఊరంతా కదిలి వస్తుంది. ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని, పోయినవాళ్లు పడిన కష్టాన్ని, చేసిన మంచిని తలుచుకుంటూ శోకాలు పెట్టి ఏడుస్తారు. చాలా ఏళ్లపాటు మేము అక్కడికి వెళ్లగానే చేసిన మొదటి పని ఆ ఏడుపు ఆపించడమే. "అమ్మా, ఏడ్వకండి. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లాడు, పాట పాడుకుందాం" అనేవాళ్లం. అదే విశ్వాసమని అనుకున్నాం.

కొడుకును మట్టిలో పెట్టిన ఒక తల్లిని నాలుగు నెలల తర్వాత చూడడానికి వెళ్లాం. ఆమె మాతో అన్నది: "అయ్యగారూ, ఆ దినం మీరు వద్దంటే ఊకున్న. ఇప్పుడు రాత్రిళ్లు కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్న. ఎవరన్న ఇంటే నాకు విశ్వాసం లేదంటరేమోనని భయం."

మా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి వాక్యం మళ్లీ తెరిచాం.

యోహాను సువార్త 11వ అధ్యాయంలో లాజరు చనిపోయి నాలుగు దినములైంది. కాసేపట్లో అతణ్ణి లేపబోతున్నానని యేసుప్రభువుకు తెలుసు. అయినా మరియ ఏడుపు చూసి ఆయన కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆమెను ఊరుకోమనలేదు. స్తెఫనును సమాధి చేసిన భక్తిపరులు బహుగా ప్రలాపించారు. మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 దినములు దుఃఖించారు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువ?

మనం తరచుగా చూపించే వాక్యం 1 థెస్సలొనీకయులకు 4వ అధ్యాయంలోనిది. అక్కడ పౌలు దుఃఖించనే వద్దనలేదు. నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని చెప్పాడు. నిరీక్షణ ఉన్నవాళ్లకూ కన్నీళ్లు వస్తాయి. పునరుత్థానం ఉందని నమ్మే తల్లికి కూడా రేపు పొద్దున కొడుకు పళ్లెం ఖాళీగానే కనబడుతుంది.

కరోనా కాలం గుర్తు చేసుకోండి. 2020 లాక్‌డౌన్‌లో అంత్యక్రియలకు 20 మందికి మించి రాకూడదన్నారు. కడసారి ముఖం చూడలేకపోయినవాళ్లు, నలుగురిలో ఏడ్వలేకపోయినవాళ్లు ఆ బరువును ఇప్పటికీ మోస్తున్నారు. అప్పుడు రోగభయం ఆ ఏడుపును ఆపింది. ఇప్పుడు మన నోటితో మనమే ఆపడం న్యాయమా?

అందుకే మన సంఘానికి మా మనవి ఇది. భూస్థాపనకు వెళ్లినప్పుడు ఏడ్చేవాళ్లను ఏడ్వనివ్వండి. పాట, ప్రార్థన తర్వాత చేయవచ్చు. "దేవునికి ఇష్టమై తీసుకున్నాడు" అని తొందరపడి అనకండి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే తప్పు మొదలైంది.

రెండోది, ఆదరణ కూడికలో భోజనాలు పెట్టడానికి ఎవరినీ అప్పు చేయనివ్వకండి. ఆ ఇంటికి మనమే అన్నం కూర వండి తీసుకెళ్దాం. చదువుకున్న యవనస్థులారా, మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించే పని మీరు చూడండి. దుఃఖంలో ఉన్నవాళ్లను కాగితాల కోసం తిప్పకండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. జనం వెళ్లిపోయాక వెళ్లండి. నెలకు వెళ్లండి, మొదటి క్రిస్మస్‌కు వెళ్లండి. పోయినవాళ్ల పేరు ఎత్తడానికి భయపడకండి. ఆ పేరు వినాలనే వాళ్ల ఆశ.

ఆ తల్లిని మేము క్షమించమని అడిగాం. ఆ రోజు ఆమె తన కొడుకు గురించి చాలాసేపు చెప్పుకుని, గట్టిగా ఏడ్చింది. మేమూ ఏడ్చాం. ఆ తర్వాత ప్రార్థన చేయమని ఆమే అడిగింది.

సమస్తమైన ఆదరణ కలుగజేసే దేవుడు దుఃఖంలో ఉన్న ప్రతి ఇంటికి తోడైయుండును గాక. ఆమేన్.