హంపీయాత్ర వినోదమా?

హంపీక్షేత్రమును చూచివచ్చిన ప్రతివాడును 1565 నాటి విధ్వంసమును తలచి కంటతడి పెట్టును, శత్రువులను నిందించును. కాని ఆ కన్నీరు తుడుచుకొనిన చేతితోనే విఠలాలయ మండపస్తంభములను కొట్టి స్వరము పలుకునో లేదో పరీక్షించువాడెవడు? ప్రాచీనకుడ్యములపై తన పేరు గీయువాడెవడు? మనవాడు కాడా?

అచ్చటి రాతిరథపు చక్రములు ఒకప్పుడు తిరుగుచుండెడివి. చూడవచ్చినవారు త్రిప్పి త్రిప్పి యరగదీయుచుండ, వానిని కదలకుండ బిగింపవలసివచ్చినది. ఆ రథమే నేడు మన 50 రూపాయల నోటుపై నున్నది. జేబులో గౌరవము, ఎదుట నవమానము! 2019లో కొందరు యువకులు వేడుకకై యొక స్తంభమును పడద్రోసిరి. న్యాయస్థానము వారిచేతనే దానిని మరల నిలువబెట్టించెను. శత్రువు విడిచిన కంబమును వారసుడు కూల్చుటకన్న సిగ్గుచేటు వేరొండు గలదా?

"టిక్కెట్టు కొంటిమి గదా!" యని కొందరందురు. టిక్కెట్టు చూచుట కధికార మిచ్చును గాని చెరచుటకు గాదు.

ఆంధ్రసోదరులారా! ఆముక్తమాల్యదను రచించిన రాయల రాజధాని యిది. మన ఉదయగిరినుండి కొనిపోయిన బాలకృష్ణమూర్తిని ఆయన 1515లో ప్రతిష్ఠించిన దిచ్చటనే. ఆ చరిత్రము చదువుకొని పొండు. పిల్లలకు చెప్పి తీసికొనిపొండు. శిల్పమును చూచుటకు కన్నులు చాలును. చేతులను జోడించి యుంచుడు. అంతమాత్రము చేయలేనివారు ఇంటనే యుండుట దేశమునకు మేలు.