కథాపఠనము – సహృదయత్వము

కల్పితకథలను చదువుటచే పరుల మనస్సును గ్రహించు శక్తి పెరుగునా అను ప్రశ్నను పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞులు ప్రయోగములచే పరీక్షించుచున్నారు. సాహిత్యగుణము గల కథను కొంతసేపు చదివినవారు, కన్నుల ఛాయాచిత్రములను మాత్రమే చూచి ఎదుటివారి భావమును మెరుగుగా గుర్తించిరని 2013లో కిడ్, కాస్టానో అను ఇరువురు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. 2016లోను, 2018లోను ఇతరులు ఆ ప్రయోగమును మరల జరుపగా ఆ ఫలితము నిలువలేదు. ఇట్టి ప్రయోగములను పెక్కింటిని ఒకచోట చేర్చి 2018లో గణించిన డోడెల్-ఫెడర్, తమీర్ లకు స్వల్పమైన ప్రయోజనము మాత్రమే కనబడినది.

అలంకారశాస్త్రము నెరిగినవారికి ఇది ఆశ్చర్యము గొలుపదు. ఒక్కపూట పఠనముచే సహృదయుడు సిద్ధించునని మన ఆలంకారికులు చెప్పలేదు. లోచనమున అభినవగుప్తుడు సహృదయత్వమునకు కారణముగా కావ్యముల నిరంతరాభ్యాసమును పేర్కొనెను. తోమగా తోమగా అద్దము ప్రతిబింబమును గ్రహించినట్లు, చదువగా చదువగా మనస్సు పరుల అనుభవమును గ్రహించునని ఆయన ఆశయము. పాశ్చాత్యులు కొలిచినది ఒక తోముడును. మనవారు చెప్పినది జీవితకాలపు తోముడును.

అంతకన్న ముఖ్యమైనది సాధారణీకరణము. భట్టనాయకుడు ప్రతిపాదింపగా అభినవగుప్తుడు సంస్కరించి గ్రహించిన ఈ సిద్ధాంతమును మమ్మటుడు కావ్యప్రకాశమున సంగ్రహించెను. రసాస్వాదసమయమున ఆ సుఖదుఃఖములు తనవని గాని, శత్రువువని గాని, ఉదాసీనునివని గాని నిర్ణయము నిలువదని దాని సారాంశము. పాఠము చెప్పునప్పుడు ఇందలి ‘శత్రువు’ అను మాట ఉదాహరణమాత్రముగా దొరలిపోవును. కర్నూలు, కడప సీమలలో అది ఉదాహరణమాత్రము కాదు. తరతరములుగా కక్షలు నడచిన పల్లెలలో ‘ఎవరి వర్గమువాడు’ అను ప్రశ్న మనిషి పేరుకన్న ముందు వచ్చెడిది. అట్టి నేలపై ఈ సిద్ధాంతము పరీక్షలో రెండు పుటల సమాధానముగా మిగిలిపోవుట మన అధ్యాపనమునకు లోటు.

ఇచట ఒక ఆక్షేపము కలదు. సీమపల్లెలు కథ విననివి కావు. వానలు వెనుకబడిన ఏట విరాటపర్వము చదివించుట తెలుగునాట ఎల్లరెరిగిన ఆచారము. తోలుబొమ్మలాటలును, వీథినాటకములును రాత్రులు రాత్రులు సాగినవి. అయినను కక్షలు ఆగలేదు. కథకే ఆ శక్తి యున్నచో ఇట్లేల జరుగవలెను?

ఈ ఆక్షేపము బలమైనదే. సమాధానము కథ యందు కాక, వినిన తీరునందు వెదుకవలెను. విరాటపర్వము వానకొరకు వినబడినది. అందు కీచకవధ ఉత్సాహము గొలిపినది. భీముని పక్షమున కూర్చుండి వినువానికి భారతము పగకు బలమే ఇచ్చును. తన, పర భేదము వదలకుండుటను అభినవభారతి రసవిఘ్నములలో చేర్చినది ఇందుకే. తిక్కన తెనిగించిన పర్వములలో స్త్రీపర్వమును గలదు. అందు గాంధారి దుఃఖము తన కుమారులతో ఆగదు. శత్రుపక్షమువాడైన అభిమన్యుని శవముకడ విలపించు ఉత్తర వరకును వ్యాపించును. రచ్చబండపై విరాటపర్వమునకు దొరికిన చోటు ఈ పర్వమునకు దొరకలేదు. రెండు పక్షముల వితంతువులను ఒక్కచూపున చూపు కథ, అవసరమైనచోటనే వినబడలేదు.

కల్పితకథ నవీనుల వినోదమని చిన్నచూపు చూచు పండితులు ఇప్పటికిని కలరు. వస్తువును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రమము అని విభజించిన సంప్రదాయము మనది. 16వ శతాబ్దమున పింగళి సూరన ఉత్పాద్యవస్తువుతో రచించిన కళాపూర్ణోదయమును అంకితము గొన్నవాడు నంద్యాల కృష్ణభూపతి. కర్నూలు జిల్లానుండి 2022లో విడివడి ప్రత్యేక జిల్లా అయిన ఆ నంద్యాలయే కల్పితకథకు ఆదరము చూపినది. అందలి సుగాత్రి సర్వాలంకారములతో దరిచేరినపుడు శాలీనుడు సిగ్గుతో ముడుచుకొనెను. తోటపనిలో ఆమె తోడు నిలిచినపుడు అతని మనస్సు తెరచుకొనెను. ఎదుటివాని స్వభావమునకు తగిన దారిని వెదుకుట యనగా నేమో తెలియుటకు ఇంతకన్న మంచి పాఠము లేదు.

ఈ దారి ఆధునికకాలమునను తెగలేదు. రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో కడపనుండి వెలువరించిన పత్రిక పేరు ‘సంవేదన’. కడప జిల్లావాడైన కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. కరవున చిక్కిన సీమ రైతు అందు అంకెగా గాక మనిషిగా కనబడును.

ప్రాచ్యకళాశాలలో నేడు విద్యార్థి కావ్యమును ముక్కలుగా చదువుచున్నాడు. ప్రతిపదార్థము, సమాసము, అలంకారనామము చెప్పగలుగుచున్నాడు. సుగాత్రి ఏల అట్లు చేసెనని అడిగిన తడబడుచున్నాడు. అతడే రేపు పల్లెబడిలో పండితుడగును. ఆ తరగతిలో ఒక పిల్లవాని తండ్రిని మరియొక పిల్లవాని బంధువులు చంపియుండవచ్చును. ఒకని తల్లిదండ్రులు పనికై వలసపోయి యుండవచ్చును. ఆ పిల్లల మౌనమును చదువలేనివానికి రససూత్రము కంఠస్థమైనను ఫలమేమి?

కావున సాధారణీకరణపాఠము చెప్పు ఏడే స్త్రీపర్వమును, కళాపూర్ణోదయమును, కొన్ని సీమకథలను సమగ్రముగా చదివింపవలెను. ప్రతి కథను ప్రతిపక్షపాత్ర వైపునుండి మరల చెప్పించవలెను. ఇంతమాత్రమున పగలు చల్లారునని చెప్పుట అతిశయోక్తి. రసానుభవము ఆచరణకు హామీ కాదు. ఐనను శత్రువు ఇంటను ఒక తల్లి కలదని ఒకసారి మనస్సున నాటుకొన్నచో, ఆ తెలివి కత్తి ఎత్తువానికి అడ్డు కాకపోయినను, కత్తిని పొగడువాని నోటికైన అడ్డు కాగలదు. ఈ సీమలో అలంకారశాస్త్రము బోధించువారు ఆశింపదగిన ఫలము ఇది.