కుర్మాలో గసగసాలు, ల్యాబులో ఊదా రంగు

సెలవులు అయిపోవస్తున్నాయి. ఊళ్ళో పెట్టెలు సర్దే హడావుడి మొదలై ఉంటుంది. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే: "మా అత్తయ్య కుర్మాలో వేస్తే చిన్నపిల్లలు కూడా తింటారు, గసగసాలు మత్తుమందు ఎలా అవుతాయండీ?"

గసగసాలు నల్లమందు మొక్క గింజలే. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సు మీద ఆ మొక్క పండిస్తారు. గింజ లోపల మార్ఫిన్ దాదాపు ఉండదు. కాయకి గాటు పెట్టినప్పుడు కారే పాలు గింజ పైన అంటుకుంటాయి, అసలు తంటా అక్కడ. కడిగితే చాలావరకు పోతుంది కానీ మొత్తం పోదు.

ఇక పరీక్షల సంగతి. అనుమానం వచ్చిన పొడిని ముందు రంగుతో చూస్తారు. ఫార్మాల్డిహైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావకం ఒకటుంది, పేరు మార్క్విస్ రియేజెంట్. 1896 నాటిది, ఇప్పటికీ వాడుతున్నారు. చిటికెడు పొడి మీద ఒక చుక్క వేస్తే మార్ఫిన్, హెరాయిన్ ఊదా రంగుకి తిరుగుతాయి. యాంఫెటమైన్ నారింజ, గోధుమ రంగుల్లోకి వెళ్తుంది. అయితే పంచదార కూడా ఆ ఆమ్లానికి మాడి ముదురు గోధుమ రంగు అవుతుంది! కొకెయిన్‌కి వాడే కోబాల్ట్ థయోసయనేట్ నీలంగా మారాలి. మామూలు అలెర్జీ మందు డైఫెన్‌హైడ్రమిన్‌కి కూడా అది నీలంగానే మారుతుంది. అంటే రంగు చెప్పేది "అనుమానించు" అని మాత్రమే. అమెరికాలో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో రంగు పరీక్ష చూసి భయపడి నేరం ఒప్పేసుకున్నవాళ్ళున్నారు. తర్వాత ల్యాబులో అది మత్తుమందే కాదని తేలి, చాలామంది శిక్షలు కొట్టేశారు.

మూత్ర పరీక్షకి వాడే స్ట్రిప్ ఇంకో రకం. ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండో గీత వస్తే పాజిటివ్ కదా, ఇందులో గీత రాకపోతే పాజిటివ్. గసగసాలు బాగా వేసిన కూర తిన్నా గీత మాయం కావచ్చు. అందుకే అమెరికా ఫెడరల్ ఉద్యోగ పరీక్షల్లో 1998లో మార్ఫిన్ హద్దుని మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. నిజం తేల్చేది జీసీ-ఎంఎస్ లాంటి యంత్రం. 6-ఎసిటైల్‌మార్ఫిన్ అనే పదార్థం కనిపిస్తే అది హెరాయిన్, కుర్మా కాదు. కాబట్టి ఎవరికైనా ఉద్యోగ పరీక్షలో పాజిటివ్ వస్తే ఏడవకండి, ఏమీ ఒప్పుకోకండి. "కన్ఫర్మేషన్ టెస్ట్ చేయించండి" అని రాతపూర్వకంగా అడగండి. ఏం తిన్నారో, ఏ మందులు వేసుకుంటున్నారో అదే కాగితంలో రాయండి.

అయితే మన గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడ పొరబడకూడదు. యూఏఈ, సౌదీ, ఖతార్‌లలో గసగసాలే నిషేధం. పెట్టెలో పొట్లం దొరికాక మార్ఫిన్ ఎంతుందో, మీరు తిన్నారో లేదో ఎవరూ అడగరు. ఏ రియేజెంటూ మిమ్మల్ని గట్టెక్కించదు. అమ్మ ఇంట్లో దంచిన గరం మసాలాలో కూడా అవి ఉంటాయి, ఫోన్ చేసి అడగండి. "మా అబ్బాయికి ఇచ్చెయ్యమ్మా" అని పక్కింటివాళ్ళిచ్చిన పార్సిల్ మొహమాటం లేకుండా విప్పి చూడండి. వాళ్ళు నొచ్చుకుంటే నొచ్చుకోనీయండి.

మందులూ అంతే. కోడీన్ ఉన్న దగ్గు సిరప్, మామయ్యగారి నడుంనొప్పి ట్రమడాల్ మాత్రలు చీటీ లేకుండా తేవద్దు. ట్రమడాల్‌ని మన దేశమే 2018లో మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చింది. యూఏఈకి అయితే ప్రయాణానికి ముందే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అనుమతి తీసుకోవాలి. చీటీ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకటేనా అని కూడా చూసుకోండి. మనవాళ్ళ ఇంటిపేర్లతో అక్కడే చిక్కు.

కుర్మాకి జీడిపప్పు, పుచ్చగింజలు నానబెట్టి రుబ్బి వేయండి, చిక్కదనం వచ్చేస్తుంది. గసగసాల రుచి మాత్రం రాదు. అది ఊరెళ్ళినప్పుడు అత్తయ్య చేతి కుర్మాలో తిందాం.