కంగారూని కంగారు పెట్టే ఫొటో మనకొద్దు

ఫోన్ రివ్యూల్లో జూమ్ గురించి రాయాల్సి వస్తే నేనూ అందరిలాగే చంద్రుడినో, దూరంగా ఉన్న గుడి గోపురాన్నో తీసి పెట్టేవాణ్ణి. 10ఎక్స్‌లో ఇలా, 30ఎక్స్‌లో అలా అని నాలుగు ముక్కలు రాసి మార్కులు వేసేయడమే. టెలిఫొటో లెన్స్ అసలు దేనికో నాకు అర్థమైంది మాత్రం కాన్‌బెర్రాలో, అక్కావాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు.

అక్కడ కంగారూల కోసం జూకి వెళ్లక్కర్లేదు. ఊరి మధ్యలో ఉన్న మౌంట్ ఐన్‌స్లీ లాంటి కొండల మీదే ఈస్టర్న్ గ్రే కంగారూలు గుంపులుగా మేస్తుంటాయి. ఓ సాయంత్రం బావతో వెళ్లాను. జేబులో ఉన్నది టెలిఫొటో లేని బడ్జెట్ ఫోన్. 2ఎక్స్‌లో అవి చీమల్లా కనిపిస్తున్నాయి. సరే, కాళ్లున్నాయి కదా అని మెల్లగా ముందుకు నడిచాను.

ఓ తల్లి కంగారూ తలెత్తింది. సంచిలోంచి పిల్ల తల బయటికి ఉంది. రెండు చెవులూ నావైపే. అబ్బ, భలే పోజు అనుకుని ఇంకో నాలుగడుగులు వేశాను. అంతే, గుంపు మొత్తం ఒక్కసారిగా గెంతుకుంటూ చెట్లలోకి పోయింది. నాకు మిగిలింది గోధుమ రంగు మరకలున్న పన్నెండు ఫొటోలు. బావ నవ్వలేదు. "అది నీకు పోజివ్వలేదురా, నువ్వెంత దగ్గరికొస్తావో చూసింది" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే చెప్తున్నా: మేత ఆపి, తలెత్తి, చెవులు మీవైపు తిప్పిందంటే మీ హద్దు అక్కడే. మగ కంగారూ అయితే ఇంకా జాగ్రత్త. ఈస్టర్న్ గ్రేలో పెద్ద మగవి 60 కిలోలు దాటతాయి. తోక మీద బరువు మోపి రెండు కాళ్లతో తన్నగలవు. అది నిటారుగా నిలబడి మీవైపు వస్తుంటే పరిగెత్తకండి. కాస్త వంగి, మెల్లగా వెనక్కి జరగండి.

తిండి చూపించి పిలవడం మరీ తప్పు. సిడ్నీకి ఉత్తరాన ఉన్న మోరిసెట్‌లో టూరిస్టులు క్యారెట్లు, చిప్స్ అలవాటు చేశారు. చివరికి తిండి కోసం కంగారూలు మనుషుల మీదికి రావడం, కొందరికి గాయాలవడం 2018లో వార్తల్లోకి ఎక్కింది. అక్కడ తప్పు కంగారూలది కాదు.

మరి ఫోన్ ఏం చేయాలి?

కంగారూలు ఎక్కువగా మేసేది తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు. ఫోన్ టెలిఫొటో ఎక్కువగా తడబడేది కూడా సరిగ్గా అప్పుడే. వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు మీరు 5ఎక్స్ నొక్కినా టెలిఫొటో వాడవు. మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తాయి. అనుమానం ఉంటే టెలిఫొటో లెన్స్‌కి వేలు అడ్డం పెట్టండి. స్క్రీన్ మీద బొమ్మ అలాగే ఉందంటే ఆ లెన్స్ పనిచేయట్లేదన్నమాట.

నైట్ మోడ్ కూడా నమ్ముకోకండి, జంతువు కదిలితే బొమ్మ అలికేస్తుంది. ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడ్ కనీసం 1/250 పెట్టండి. గెంతుతుంటే 1/1000 దాకా వెళ్లాలి. కాస్త నాయిస్ వచ్చినా ఫర్వాలేదు. ఫ్లాష్ ఆఫ్. 30ఎక్స్ జోలికి వెళ్తే ఏఐ ఆ బొచ్చుని ఆయిల్ పెయింటింగ్ చేసేస్తుంది. దానికన్నా 5ఎక్స్ దగ్గర ఆగి, గడ్డినీ కొండనీ కూడా ఫ్రేమ్‌లోకి రానివ్వండి. సూర్యుడు వెనకుంటే నీడబొమ్మ తీయండి. ఆ చెవులు, ఆ తోక చాలు, ఏ జంతువో ఎవరూ అడగరు.

నా వాదన ఒక్కటే. జూమ్ అంటే గొప్పలు చెప్పుకునే నంబర్ కాదు, మనకీ జంతువుకీ మధ్య ఉండాల్సిన దూరం. ఫోన్ వెనకాల 100ఎక్స్ అని అచ్చేసే కంపెనీలు సాయంత్రం ఆరింటికి 5ఎక్స్ ఎలా ఉంటుందో చెప్పవు. మేం రివ్యూయర్లం కూడా అడగలేదు, అది మా తప్పు. ఇకనుంచి నా రివ్యూల్లో జూమ్ మార్కులు పొద్దుగూకాక తీసిన ఫొటోలకే.

మీ ఫోన్‌కి అంత సీన్ లేకపోతే? జేబులో పెట్టేసి చూడండి. తర్వాతి రోజు సాయంత్రం నేను చేసింది అదే. వచ్చేముందు దూరం నుంచి ఒక్కటే ఫొటో తీశాను. కంగారూ చిన్నగా ఉంది, నాయిస్ ఉంది. కానీ తల దించుకుని మేస్తూనే ఉంది. నేను తీసిన వాటిలో నాకు బాగా నచ్చిన కంగారూ ఫొటో అదే.