బడి బయటి గంటలను కులానికి వదిలేద్దామా?

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. నార్పల నేడు షెడ్యూల్డు కులాలకు రిజర్వయిన శింగనమల శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఆ పథకానికి మూలమైన 2005 నాటి చట్టం ఒక మానవీయ నిబంధన పెట్టింది. పనిచోటుకు తల్లుల వెంట వచ్చిన ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, వారిని చూసుకునేందుకు ఒక మహిళను నియమించి ఆమెకూ కూలి చెల్లించాలి. అమలు ఎలా సాగినా, కూలికి వచ్చే తల్లికి ఒక బిడ్డ ఉంటుందని చట్టం గుర్తించింది. ఆ బిడ్డకు ఆరేళ్లు దాటగానే ఆ గుర్తింపు ముగిసిపోయింది.

మిగతా పథకాల తీరూ అదే. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలు ఆరేళ్లతో ఆగుతాయి. కేంద్రం 2022లో మిషన్ శక్తిలో చేర్చిన ‘పాల్నా’ శిశు సంరక్షణ కేంద్రాలకూ ఆ వయసే హద్దు. ఆ తర్వాత బడి ఉంది కదా అన్నది పాలకుల సమాధానం. ఆ సమాధానాన్ని ఒకసారి లెక్కవేసి చూద్దాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధనా గంటలు ఉండాలి. ఏడాదిలో ఉన్నవి 8,760 గంటలు. రోజుకు తొమ్మిది గంటలు నిద్రకు తీసేసినా, బోధనకు బయట పిల్లలు మేలుకొని గడిపే కాలం 4,400 గంటలకు పైమాటే. అంటే పాఠం చెప్పే కాలానికి నాలుగు రెట్లకు మించిన కాలం ప్రభుత్వ విధానంలో ఎవరి బాధ్యతా కాదు.

ఈ గంటలు ఊరిలోనూ వాడలోనూ ఒకేలా గడవవు. పొలమో ఉద్యోగమో ఉన్న కుటుంబపు పిల్లవాడికి ఇంటి ముందుకు బడి బస్సు వస్తుంది, సాయంత్రం ట్యూషన్ ఉంటుంది, హోంవర్కు చూసే చదువుకున్న పెద్దవాళ్లుంటారు. శింగనమల లాంటి మెట్ట ప్రాంతంలో దళితవాడ నుంచి కూలి ఆటో తెల్లవారకముందే కదులుతుంది. వాన ముఖం చాటేసి వేరుశనగ ఎండిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరుకో కేరళకో వలసపోతారు. అప్పుడు పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. పదేళ్లు దాటిన ఆడపిల్ల నీళ్లు పట్టి, గిన్నెలు తోమి, తమ్ముణ్ణి బడికి తయారు చేస్తుంది. మగపిల్లవాడు గొర్రెల వెంటో, శెనక్కాయ విత్తనం వలవడానికో, అదీ లేకపోతే రోడ్డు మీదికో పోతాడు. నిజానికి ఈ పల్లెల్లో శిశు సంరక్షణ కేంద్రం ఆ ఆడపిల్లే. ఆమెకూ ఒక సంరక్షణ కావాలన్న ఆలోచన ఏ పథకంలోనూ కనిపించదు.

ఇది యాదృచ్ఛికమైన మరుపు అని నేననుకోను. 2016లో సవరించిన బాల కార్మిక నిషేధ చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడాన్ని నిషేధిస్తూనే ఒక మినహాయింపు ఇచ్చింది. ప్రమాదకరం కాని పనుల్లో, బడి వేళల తర్వాత, సెలవుల్లో పిల్లలు తమ కుటుంబానికి లేదా కుటుంబ వృత్తికి సాయపడవచ్చునన్నది. బడి తర్వాతి కాలం గురించి ఈ దేశపు చట్టం పలికిన అరుదైన మాట ఇది. ఆ కాలాన్ని చట్టం కుటుంబ వృత్తికి అప్పగించింది. ఈ దేశంలో కుటుంబ వృత్తికి అసలు పేరు ఏమిటో ఈ పేజీ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. చెప్పులు కుట్టే ఇంట్లో, బట్టలు ఉతికే ఇంట్లో, పరుల పొలంలో కూలి చేసే ఇంట్లో పుట్టిన పిల్లల సాయంత్రాలు చట్టసమ్మతంగానే పుట్టుక చేతిలోకి పోతాయి.

దీనికి చరిత్ర ఉంది. 1953 జూన్‌లో, అనంతపురం ఇంకా మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్నప్పుడు, రాజగోపాలాచారి ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో చదువును పూటకు కుదించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలని నిర్దేశించింది. పెరియార్, ద్రావిడ ఉద్యమకారులు దానిని కులవిద్య అని ఎండగట్టారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది. బడి పూటను కులవృత్తికి ఇవ్వరాదని ఆనాడు తేలింది. బడి ముగిశాక మిగిలే కాలం సంగతి మాత్రం తేలలేదు.

శ్రమ నేర్చుకుంటే తప్పేమిటని కొందరు అడుగుతారు. శ్రమకు గౌరవం ఉండాలన్నది అణగారిన కులాల వాదనే. అయితే ఒక్క వాడ పిల్లలకే శ్రమను పాఠంగా, తక్కిన వారికి ట్యూషన్‌ను పాఠంగా కేటాయించడం గౌరవం కాదు. ఎన్నుకునే వీలున్నప్పుడే పనికి విలువ ఉంటుంది.

బడికి ముందూ తర్వాతా పిల్లలకు చోటివ్వడం అసాధ్యమేమీ కాదు. బహిష్కృత హితకారిణి సభ స్థాపించిన మరుసటి ఏడే, 1925లో, అంబేడ్కర్ షోలాపూర్‌లో విద్యార్థి వసతిగృహాన్ని తెరిపించారు. చదువుకు బడి ఒక్కటే చాలదని, దీపం, తిండి, తోటి విద్యార్థుల సాంగత్యం కావాలని ఆయనకు తెలుసు. మన సాంఘిక సంక్షేమ హాస్టళ్లు ఆ ఆలోచనకు వారసులే. పగలు ఊరి బడికి పోయి, ఉదయం సాయంత్రం హాస్టల్లో చదువుకున్న తరమే నేడు ఉద్యోగాల్లో, ఉద్యమాల్లో కనిపిస్తోంది. కానీ ఆ రెండు పూటల చదువు కోసం పిల్లలు తల్లిని విడిచిపోవలసి రావడం, సీటు దొరకని పిల్లలకు ఏదీ మిగలకపోవడం ఆ ఏర్పాటుకున్న పరిమితులు.

అనంతపురం జిల్లాలో మరో నమూనా కళ్లెదుట ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దళిత, ఆదివాసీ వాడల్లోనే అనుబంధ పాఠశాలలు పెట్టి, ప్రభుత్వ బడి వేళలకు ముందూ తర్వాతా పిల్లలను కూర్చోబెట్టింది. పిల్లలు ఇల్లు విడవలేదు, తల్లి పనీ ఆగలేదు. అయితే 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి సమస్య తలెత్తినప్పుడు జిల్లా అంతా కలవరపడింది. ఒక జిల్లా దళిత పిల్లల సాయంత్రాలు ఢిల్లీలోని ఒక ఫైలు మీద ఆధారపడటం రాజ్యం తన బాధ్యత వదులుకున్నదనడానికి రుజువు.

పొరుగు రాష్ట్రం ఒక అడుగు వేసింది. తమిళనాడు 2021లో ‘ఇల్లం తేడి కల్వి’ పేరిట ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు వారి నివాసాల దగ్గరే స్వచ్ఛంద కార్యకర్తలతో సాయంత్రం బోధన మొదలుపెట్టింది. 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలల్లో ఉదయపు ఫలహారం ప్రారంభించింది. జపాన్ 1997లో బడి తర్వాతి పిల్లల కేంద్రాలను చట్టంలోకి తెచ్చి, మొదట పదేళ్ల లోపు వారికే ఉన్న ఆ సదుపాయాన్ని 2015 నుంచి ఆరో తరగతి దాకా విస్తరించింది. పెద్ద పిల్లలకూ పెద్దల తోడు కావాలని అక్కడి చట్టం గ్రహించడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

పెద్ద పిల్లలన్నది ఇక్కడ కీలకం. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలను చిన్నవారితో కలిపి కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తే రెండో రోజుకే రారు. వారికి ఆట కావాలి, ఆడపిల్లలకూ మైదానంలో వంతు ఉండాలి. నచ్చిన పుస్తకం, కంప్యూటర్, పాటకూ డప్పుకూ బొమ్మకూ చోటు, ఏం చేయాలో తామే తేల్చుకునే స్వేచ్ఛ కావాలి. తమ్ముడో చెల్లెలో ఆ కేంద్రంలోనే పక్క గదిలో భద్రంగా ఉంటేనే అక్క ఆటకు వస్తుంది. నిఘా పెట్టి మరో బడిగా మారిస్తే ఆ చోటు నిలవదు.

అందుకే నా ప్రతిపాదన స్పష్టంగా చెబుతాను. ప్రతి దళితవాడకూ అందుబాటులో, బడి భవనంలోనో కమ్యూనిటీ హాలులోనో, ఉదయం రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు, వలస కాలంలోనూ సెలవుల్లోనూ పూర్తి రోజు నడిచే కేంద్రం ఉండాలి. ఫలహారం పెట్టాలి. అదే వాడలో చదువుకుని ఉద్యోగం లేక మిగిలిన యువతులను గౌరవప్రదమైన జీతంతో నియమించాలి. స్వచ్ఛంద సేవ పేరిట వారి శ్రమను చౌకగా వాడుకోకూడదు. నిధులకు ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం 2013 నుంచి ఉండనే ఉంది. అది షెడ్యూల్డు కులాలకు నేరుగా మేలు చేసే పథకాలనే కోరుతోంది.

సీట్లలో, ఉద్యోగాల్లో వాటా గురించి మనం గట్టిగా మాట్లాడుతున్నాం, మాట్లాడాలి. ఆ వాటా అందుకునే చేయి ఏడో తరగతిలో, సాయంత్రం నాలుగు తర్వాత ఏ పని చేస్తున్నదో కూడా రాజకీయ ప్రశ్నే. శింగనమలలో ఓటు అడిగే ప్రతి అభ్యర్థినీ ఆ ప్రశ్న అడగడం విద్యార్థి సంఘాలు తక్షణం చేపట్టవలసిన పని.