చూసే దిక్కులేని లాగ్‌లు

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో, సెలవు రోజుల మాటున రూ.12.48 కోట్లు మాయమయ్యాయి. అంతకు రెండు నెలల ముందు, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా బోగస్ మెయిళ్లు వచ్చాయి. వాటిని ఇద్దరు తెరిచారు. ఆ దారిన చొరబడిన ముఠా లోపలే తిష్ఠ వేసింది. అదను చూసి సొమ్మును ముందుగా అదే బ్యాంకులోని కొన్ని ఖాతాల్లోకి, అక్కడి నుంచి దేశవ్యాప్తంగా వందలాది ఖాతాల్లోకి మళ్లించింది. చొరబాటును పసిగట్టే కనీస ఏర్పాట్లు కూడా బ్యాంకులో లేవని పోలీసుల దర్యాప్తు తేల్చింది.

దొంగ ఎంత తెలివైనవాడన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఆ రెండు నెలలూ కాపలా ఏమైందన్నదే అసలు ప్రశ్న. ఎవరు, ఏ కంప్యూటర్ నుంచి, ఏ వేళ లాగిన్ అయ్యారో, ఏ ఖాతా అధికారాలను మార్చారో సర్వర్ వరుస తప్పకుండా నమోదు చేసుకుంటుంది. ఆ నమోదే లాగ్. అర్ధరాత్రి ఓ అడ్మిన్ ఐడీ తెరుచుకుంటే అందుకూ ఒక లాగ్ ఉంటుంది. ఆ లాగ్‌లు చదివే మనిషి ఉండి, అనుమానం వస్తే ఆ రాత్రికి రాత్రే ఫోన్ చేసే అధికారం అతనికి ఉంటేనే నిఘాకు అర్థం.

నిబంధనలు లేవని ఎవరూ తప్పించుకోలేరు. అర్బన్ బ్యాంకుల సైబర్ భద్రతపై రిజర్వు బ్యాంకు 2018లోనే మార్గదర్శకాలిచ్చింది, 2019 డిసెంబరులో వాటిని మరింత కట్టుదిట్టం చేసింది. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, దాడి జరిగితే ఆరు గంటల్లో తమకు తెలపాలని సైబర్ దాడులపై స్పందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో అన్ని సంస్థలనూ ఆదేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం భద్రతా లోపాలకు రూ.250 కోట్ల దాకా జరిమానా నిర్దేశించింది. ఇన్ని ఉన్నా చాలా సంస్థల్లో ఆడిట్ అంటే ఏడాదికోసారి గడులు నింపి సంతకం పెట్టించుకునే తంతుగానే మిగిలింది. లాగ్ ఉందా అని అడిగే ఆడిటర్, నిన్నటి లాగ్‌ను ఎవరు చూశారని అడగడు.

మహేశ్ బ్యాంకుకు రిజర్వు బ్యాంకు 2023లో రూ.65 లక్షల జరిమానా వేసింది. శిక్ష పడటం స్వాగతించదగ్గదే. అయితే ఆ భారం ఎవరి మీద పడింది? సహకార బ్యాంకుకు యజమానులు దాని సభ్యులే. చిరు వ్యాపారులు, పింఛనుదారులు నమ్మి దాచుకున్న సొమ్ముతో నడిచే సంస్థ అది. నిఘా వ్యవస్థపై ఖర్చు వాయిదా వేసే నిర్ణయం పాలకవర్గానిది, జరిమానా మాత్రం సభ్యుల లాభంలోంచి పోతుంది. ఇదే ఆనవాయితీ అయితే భద్రతపై పెట్టే ఖర్చు కన్నా జరిమానాయే చవకని లెక్కగట్టే యాజమాన్యాలు పుట్టుకొస్తాయి. రేపు ఆస్పత్రి రికార్డులకూ, విద్యార్థుల వివరాలకూ ఇదే గతి పడుతుంది.

కాబట్టి రిజర్వు బ్యాంకు తన తనిఖీ పద్ధతి మార్చుకోవాలి. అర్బన్ బ్యాంకుకు వెళ్లిన అధికారి ధ్రువపత్రాలతో సరిపెట్టుకోకుండా, గత నెలలో వచ్చిన హెచ్చరికలెన్ని, ఒక్కోదానిపై ఎవరు ఏ గంటకు స్పందించారన్న రిజిస్టరు అడగాలి. దాడి జరిగిన చోట లోపాల నివేదికను డిపాజిటర్లకు బహిరంగపరచాలి. నిఘా ఏర్పాటు ప్రతిపాదనను తొక్కిపెట్టినట్టు పాలకవర్గ సమావేశ మినిట్స్‌లో తేలిన డైరెక్టర్ల నుంచే జరిమానా రాబట్టేలా కేంద్రం చట్టాన్ని సవరించాలి.