పాత ఛాయాచిత్రాలకు పని తెలిసిన చేతులు కావాలి

* స్కానింగ్‌తోనే సంరక్షణ పూర్తి కాదు
* గ్రంథాలయ, స్టూడియో సిబ్బందికి శిక్షణే మార్గం

గుంటూరు: మిరపకాయలను శీతల గిడ్డంగిలో ఎందుకు దాచాలో గుంటూరు, ప్రకాశం రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. వేసవిలో బయట ఉంచితే కాయ రంగు వెలుస్తుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. రెంటికీ ధర పడిపోతుంది. ఇదే ఎండ, ఇదే తేమ ఇళ్లలో, గ్రంథాలయాల్లో, మూతపడిన స్టూడియోల అటకలపై ఉన్న పాత ఛాయాచిత్రాలనూ తినేస్తున్నాయి. సరుకును కాపాడుకోవడానికి వరుసగా గిడ్డంగులు కట్టుకున్న ఈ ప్రాంతంలో, చరిత్రకు సాక్ష్యమైన చిత్రాలను కాపాడే పని తెలిసినవారు మాత్రం అరుదు.

చిత్రమే మిగిలిన సాక్ష్యం

ఛాయాచిత్రం విలువ ఏమిటో తెలియాలంటే అమరావతిని చూడాలి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన స్తూప శిల్పాలను 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి ఫొటోలు తీశారు. మరుసటి ఏడాదే ఆ శిల్పాలు ఓడెక్కి లండన్ చేరాయి. దేశం దాటకముందు అవి ఏ స్థితిలో ఉన్నాయో ఈనాటికీ చెప్పగలిగేది ఆ చిత్రాలే.

నాగార్జునకొండది మరింత కఠినమైన పాఠం. సాగర్ జలాశయంలో లోయ మునిగిపోనున్నదని తెలిసి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ భారీ తవ్వకాలు జరిపింది. కొన్ని కట్టడాలను కొండపైకి తరలించి పునర్నిర్మించారు. మిగిలినవి నీటిపాలయ్యాయి. మునిగిన వాటిని చూడాలంటే నాడు గీసిన పటాలు, తీసిన ఫొటోలే దిక్కు.

ఇవి ప్రభుత్వ సంస్థల చేతిలోని చిత్రాలు. హైదరాబాద్ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొనుగోలు చేసింది. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో తీసిన చిత్రాలకు ఆ భాగ్యం లేదు. 1921 నాటి చీరాల-పేరాల పోరాటం, పల్నాడు అటవీ సత్యాగ్రహం, పెదనందిపాడు పన్నుల నిరాకరణ సాగిన నేల ఇది. ఆ తరం కుటుంబాల పెట్టెల్లో, నాటక సమాజాల గోడలపై, పాఠశాలల గ్రూప్ ఫొటోల్లో ఉన్న చరిత్రకు జాబితా అన్నది లేదు.

తెలియక చేసే చేటు

నష్టంలో ఎక్కువ భాగం నిర్లక్ష్యం వల్ల కాదు, తెలియనితనం వల్ల జరుగుతోంది. నలుపు-తెలుపు ఫొటోలో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. ఆ రేణువులను కాగితంపై పట్టి ఉంచేది జెలటిన్ పొర. గాలిలో తేమ పెరిగితే ఆ పొర మెత్తబడి ఫ్రేము అద్దానికి అతుక్కుంటుంది, బూజుకు ఆహారమవుతుంది. పెద్దల పటాలకు బొట్టు పెట్టే ముందు అద్దాన్ని తడిగుడ్డతో తుడవడం మన ఇళ్లలో ఆచారం. అంచుల నుంచి లోపలికి దిగిన ఆ నీరే ఫొటోకు మరకగా మిగులుతుంది. భద్రంగా ఉంటుందని చేయించే లామినేషన్‌ను తర్వాత విప్పదీయడం దాదాపు అసాధ్యం. జిగురు పేజీల ఆల్బమ్‌లు, పీవీసీ కవర్లు కూడా కాలక్రమంలో చిత్రాన్ని పాడుచేస్తాయి.

నెగెటివ్‌ల సంగతి మరీ సున్నితం. సుమారు 1950కి ముందు తయారైన నైట్రేట్ ఫిల్మ్ తేలికగా అంటుకుంటుంది. దాని తర్వాత విరివిగా వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ వేడికి, తేమకు కుళ్లి పుల్లటి సిర్కా వాసన కొడుతుంది. ఆ వాసన వచ్చిన రీలును మిగిలిన వాటి నుంచి వెంటనే వేరుచేయాలి. ఏది ఏ రకమో గుర్తించడమే ఈ విద్యలో తొలి పాఠం.

స్కాన్ చేస్తే చాలదా?

చాలదు. స్కానింగ్ వల్ల చిత్రం పదిమందికి చేరుతుంది, అసలును పదేపదే తాకనక్కరలేదు. అయితే హార్డ్ డిస్క్ చెడిపోవచ్చు, ఫైలు తెరుచుకోకపోవచ్చు. తక్కువ నాణ్యతతో స్కాన్ చేసి అసలును పారవేస్తే మళ్లీ చేసుకునే అవకాశమే ఉండదు. పైగా చిత్రంలో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న వివరం రాయని ఫైలు వేల ఫైళ్ల మధ్య తప్పిపోయినట్లే.

శిక్షణ ఎక్కడ?

ఛాయాచిత్ర సంరక్షణను ప్రత్యేక విద్యగా బోధించే చోట్లు ప్రపంచంలోనే తక్కువ. మన దేశంలో ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం పత్రాల సంరక్షణలో స్వల్పకాలిక కోర్సులు నిర్వహిస్తోంది. 1976లో లక్నోలో నెలకొన్న జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనాలయం మ్యూజియం సిబ్బందికి శిక్షణ ఇస్తోంది. చిన్న గ్రంథాలయ ఉద్యోగి, స్టూడియో యజమాని పని మానుకుని అంత దూరం వెళ్లి నేర్చుకోవడం సాధ్యం కాదు. శిక్షణే వారి వద్దకు రావాలి.

అందుకు తగిన చోట్లు లేకపోలేదు. 1918లో ఆరంభమై, పాత పత్రికల సేకరణకు పేరొందిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు ఉన్నాయి. చరిత్ర, రసాయనశాస్త్ర విభాగాలున్న డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. అన్నింటికీ మించి డార్క్‌రూమ్‌లో డెవలపర్, హైపోలతో పనిచేసిన పాతతరం ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. డిజిటల్ కెమెరాల రాకతో వారి విద్యకు గిరాకీ పోయింది. వారికి తెలిసిన రసాయనాల పరిజ్ఞానానికి సంరక్షణ సూత్రాలు తోడైతే నిపుణులు ఇక్కడే తయారవుతారు.

తుపాను ముప్పు

తీర ప్రాంతానికి ఈ శిక్షణ మరింత అవసరం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను బాపట్ల, రేపల్లె ప్రాంతాలు మరువలేదు. 2011లో జపాన్‌ను సునామీ ముంచెత్తినప్పుడు బురదలో దొరికిన లక్షలాది కుటుంబ ఫొటోలను స్వచ్ఛంద కార్యకర్తలు కడిగి, ఆరబెట్టి సొంతదారులకు చేర్చే ఉద్యమం నడిపారు. తడిసి అతుక్కున్న ఫొటోలను లాగి విడదీయరాదు. శుభ్రమైన చన్నీటిలో ఉంచి మెల్లగా వేరుచేసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. పాత గాజు నెగెటివ్‌లను మాత్రం నిపుణులను అడగనిదే నీటిలో ముంచరాదు. ఇంతమాత్రం తెలిసినవారు మండలానికి ఇద్దరున్నా నష్టం ఎంతో తగ్గుతుంది.

చేయదగినది

జిల్లా గ్రంథాలయ సంస్థలు, కళాశాలలు, ఫొటోగ్రాఫర్ల సంఘాలు కలిసి జాతీయ సంస్థల నిపుణులను రప్పించి వారం రోజుల తరగతులు పెట్టించవచ్చు. చిత్రం రకాన్ని గుర్తించడం, ఆమ్లరహిత కాగితంలో భద్రపరచడం, గదిలో తేమను 30 నుంచి 50 శాతం మధ్య ఉంచడం, వెనుకవైపు మెత్తటి పెన్సిల్‌తో వివరాలు రాయడం అందులో నేర్పాలి. ఆ తర్వాత గ్రామాల వారీగా జాబితా తయారుచేయాలి. ఫొటోలో నిలబడినవారిని పేరుపెట్టి గుర్తించగల పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. కనుక ఈ పనికి వచ్చే బడ్జెట్ వరకు ఆగడం తగదు.